బొగ్గుబావిలో మీథేన్: దిగే ముందు తెలుసుకోవలసినవి, దిగాక చేయవలసినవి

చిత్తూరు, తిరుపతి జిల్లాల వారికి గని పని కొత్తది కాదు. గూడూరు చుట్టుపక్కల అభ్రకం గనుల్లోనూ, కుప్పం వైపు చిగురుగుంట బంగారు గనిలోనూ, సరిహద్దు అవతల కోలారులోనూ ఈ ప్రాంతపు మనుషులు ఏళ్ల తరబడి పనిచేశారు. అయితే ఆ గనుల్లో కార్మికుణ్ణి వెన్నాడిన భయాలు వేరు. బండ కూలడం, రాతి ధూళి ఊపిరితిత్తుల్లో పేరుకోవడం, కోలారు లోతుల్లోనైతే ఒత్తిడికి రాయి ఉన్నట్టుండి బద్దలై మీద పడటం. మండే వాయువు అక్కడ రోజూ పట్టించుకోవలసిన లెక్క కాదు. అందుచేత ఇక్కడ మైనింగ్ డిప్లొమానో ఇంజనీరింగో చదివి ఝరియాకో రాణీగంజ్‌కో సింగరేణికో బొగ్గుగనుల్లో పనికి వెళ్లే కుర్రవాడికి ఇంట్లో పెద్దలు చెప్పి పంపే జాగ్రత్తల్లో మీథేన్ ఊసు ఉండదు. ఆ లోటు కొంతైనా తీరాలని ఇది రాస్తున్నాను. ఉద్యోగంలో చేరాక వృత్తి శిక్షణ కేంద్రంలో ఇవన్నీ చెబుతారు. కాని అక్కడ చెప్పేది మనసుకెక్కాలంటే కారణాలు ముందుగా కొంత తెలిసి ఉండాలి.

చెప్పబోయే వాటన్నిటికీ మూలం ఒకటే. గనిలో గాలి సరిపడా ఆడుతూ ఉండాలి. వాయువు ఎంత ఉందో కొలిచి తెలుసుకోవాలి. కొలత ఏ అంకె చూపితే ఆ అంకెకు తలొగ్గాలి.

వాయువు స్వభావం

మీథేన్ బొగ్గుతో పాటే పుట్టింది. కోట్ల ఏళ్ల కిందట చెట్టూచేమా భూమిలో కూరుకుపోయి బొగ్గుగా మారే క్రమంలో ఏర్పడి, బొగ్గులోని సూక్ష్మ రంధ్రాలను అంటిపెట్టుకుని, పైనున్న రాతి బరువుకు అక్కడే నిలిచిపోయింది. మనం బొగ్గు తవ్వగానే ఆ ఒత్తిడి సడలుతుంది, వాయువు వెలికి వస్తుంది. తవ్వుతున్న బొగ్గు గోడ, అంటే గని భాషలో ముఖం, నుంచే కాక పైకప్పు పగుళ్ల నుంచీ, నేల నుంచీ, బొగ్గు తీసి వదిలేసిన గోఫ్ నుంచీ కూడా వస్తుంది. లోతు పెరిగేకొద్దీ సాధారణంగా వాయువు కూడా పెరుగుతుంది.

దానికి రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. పాడి సమృద్ధిగా ఉన్న మన పల్లెల్లో గోబర్ గ్యాస్ పొయ్యి మీద నీలంగా మండేది ముఖ్యంగా ఈ మీథేనే. ఆ గ్యాసుకుండే కుళ్లు కంపు మాత్రం అందులో కలిసి ఉన్న హైడ్రోజన్ సల్ఫైడ్‌ది. ఇంట్లో వంటగ్యాస్ సిలిండరుకు వాసన ఉందంటే, కారితే తెలియాలని కంపెనీవాళ్లు కలిపినదే. బొగ్గు పొరలోంచి వచ్చే మీథేన్‌కు అలాంటి హెచ్చరిక ఏదీ లేదు. ముప్పై ఏళ్లు గనిలో పనిచేసి పని పర్యవేక్షించే ఓవర్‌మన్‌కైనా, నిన్న చేరిన శిక్షణార్థికైనా ముక్కు ఒక్కలాగే పనికిరాదు.

రెండో సంగతి బరువు. మీథేన్ గాలి బరువులో దాదాపు 0.55 వంతే ఉంటుంది గనుక పైకి తేలి, పైకప్పు కింద పరుచుకుంటుంది. గాలి వేగం మందగించిన చోట అది గాలిలో కలవకుండా పలుచని పొరగా నిలిచి, కప్పు వెంబడి చాలా దూరం పాకుతుంది. నడుము ఎత్తున పట్టుకున్న వాయువు కొలిచే మీటరు సున్నా చూపిస్తున్న చోటే తలకు పైన, ఆనుడు దుంగల మధ్య ఊడిన బండ వదిలిన గుంటలో, పేలగలిగినంత వాయువు ఉండవచ్చు. ఎగువకు తవ్వుతూ పోయే రైజ్ గ్యాలరీల (గనిలోని సొరంగ దారుల) చివర అది ఎక్కువగా చేరుతుంది. దిగువకు పోయే డిప్ గ్యాలరీల అడుగున గాలికంటే బరువైన కార్బన్ డయాక్సైడ్ చేరి ఊపిరాడనివ్వదు. గ్యాలరీ ఏ వాలున ఉందో చూసుకుంటే ఎక్కడ దేని కోసం వెతకాలో సగం తెలిసినట్టే.

ఇక్కడ మన ఊళ్ల అలవాటు ఒకదాని గురించి గట్టిగా చెప్పాలి. ఎండిన పాతబావిలో పూడిక తీయడానికో మోటారు బాగు చేయడానికో దిగే ముందు తాడుకు లాంతరు కట్టి కిందికి దింపి చూడటం పెద్దలు నేర్పిన పద్ధతి. దీపం ఆరితే దిగరు. ప్రాణవాయువు తగ్గిందని అది చెబుతుంది, నిజమే. కాని మండే వాయువు ఉన్న చోట అదే లాంతరు ప్రమాదానికి నిప్పు అందిస్తుంది. బొగ్గుబావిలో నగ్నంగా మండే దీపానికి చోటు లేదు. 1812లో ఇంగ్లండులోని ఫెల్లింగ్ గనిలో పేలుడు జరిగి 92 మంది చనిపోయాక, 1815లో హంఫ్రీ డేవీ మంట చుట్టూ సన్నని ఇనుప జల్లెడ అమర్చిన దీపం తయారుచేశాడు. లోపల వాయువు అంటుకున్నా జల్లెడ ఆ వేడిని పీల్చుకుని మంటను బయటికి పోనివ్వదు. నేటి ఫ్లేమ్ సేఫ్టీ ల్యాంప్ దాని సంతతే.

గుర్తుంచుకోవలసిన అంకెలు

గాలిలో మీథేన్ సుమారు 5 శాతం నుంచి 15 శాతం వరకు ఉన్నప్పుడు నిప్పు తగిలితే పేలుతుంది. 9.5 శాతం దగ్గర పేలుడు అత్యంత తీవ్రంగా ఉంటుంది. 5 కంటే తక్కువైతే మంట చుట్టూ కాలుతుంది తప్ప పేలుడుగా వ్యాపించదు. 15 దాటితే మండటానికి చాలినంత ప్రాణవాయువు ఉండదు. ఈ చివరి వాక్యాన్ని చాలామంది తప్పుగా అర్థం చేసుకుంటారు. 15 దాటిన చోటు క్షేమమైనది కాదు. ఆ వాయువు తాజా గాలితో కలిసే అంచున ఎక్కడో ఒకచోట 15కీ 5కీ మధ్య ఉండి తీరుతుంది. పైగా అక్కడ అడుగుపెట్టిన మనిషికి ప్రాణవాయువు చాలక స్పృహ తప్పుతుంది.

అంటుకోవడానికి కావలసిన శక్తి ఎంత స్వల్పమంటే, ఒక మిల్లీజౌల్‌లో మూడో వంతు పాటి విద్యుత్ రవ్వ చాలు.

మన దేశంలో 2017 నాటి బొగ్గుగనుల నిబంధనల ప్రకారం బొగ్గు పొరలను వాయువును బట్టి మూడు డిగ్రీలుగా విభజిస్తారు. గాలిలో మీథేన్ 0.1 శాతం మించకుండా, తవ్విన ప్రతి టన్ను బొగ్గుకూ ఒక ఘనపు మీటరుకు మించకుండా వెలువడితే మొదటి డిగ్రీ. టన్నుకు ఒకటి దాటి పది ఘనపు మీటర్ల వరకు వెలువడినా, గాలిలో 0.1 శాతం దాటినా రెండో డిగ్రీ. పది దాటితే మూడో డిగ్రీ. వాయువు లేని పొర అనే వర్గమే ఇందులో లేదని గమనించండి. "మాది మొదటి డిగ్రీ బావి, గ్యాస్ భయం లేదు" అనే మాట మీకు తప్పకుండా వినిపిస్తుంది. ఆ మాట అన్నవాడు ఎంత పెద్ద హోదాలో ఉన్నా నమ్మకండి. గాలి ఆడని ఒక గ్యాలరీ చివర కొద్దికొద్దిగా చేరిన వాయువు ఏ డిగ్రీ గనిలోనైనా 5 శాతానికి చేరగలదు.

పని చేసేటప్పుడు కంఠస్థంగా ఉండవలసినవి రెండు: ఒక పని విభాగం నుంచి బయటికి పోయే రిటర్న్ గాలిలో మీథేన్ 0.75 శాతం మించకూడదు. గనిలో ఏ చోటైనా 1.25 శాతం మించకూడదు. 5 దగ్గర పేలే దానికి 1.25 దగ్గరే ఆగడం అతిజాగ్రత్త కాదు. మీ మీటరు ఉన్న చోటు కొలతే మీకు తెలుసు. పది మీటర్ల అవతల కప్పు గుంటలో ఎంత ఉందో తెలియదు. ఆ తెలియనిదానికోసమే ఈ ఎడం.

గాలి ఆడించడం

లెక్క చిన్నది, కాని చేత్తో ఒకసారి వేసి చూడాలి. ఒక గ్యాలరీలో నిమిషానికి 1.8 ఘనపు మీటర్ల మీథేన్ వెలువడుతోందనుకుందాం. అక్కడికి నిమిషానికి 300 ఘనపు మీటర్ల గాలి వస్తుంటే మీథేన్ 0.6 శాతం. తలుపు ఎవరో తెరిచి వదిలేయడం వల్ల గాలి 150కి తగ్గితే 1.2 శాతం. గాలి గొట్టం చిరిగి, ముఖం దగ్గరికి 30 మాత్రమే చేరితే 5 శాతం దాటుతుంది. బొగ్గు పొరలో ఏ మార్పూ లేదు, మారినదల్లా గాలే. అందుకే నిబంధనలు పెద్ద షిఫ్టులో ఉన్న ఒక్కొక్క మనిషికి నిమిషానికి 6 ఘనపు మీటర్లో, రోజువారీ ఉత్పత్తిలో టన్నుకు 2.5 ఘనపు మీటర్లో, ఏది ఎక్కువైతే అంత గాలి విభాగానికి చేరాలంటాయి. గాలిలో ప్రాణవాయువు 19 శాతానికి తగ్గకూడదు.

కాబట్టి కొత్తగా చేరినవారు మొదట నేర్చుకోవలసింది గాలి దారి. తాజా గాలి వచ్చే ఇన్‌టేక్ ఏది, వాడిన గాలి పోయే రిటర్న్ ఏది, మధ్య గోడలు, తలుపులు, గాలిని మళ్లించే బ్రాటిస్ గుడ్డలు ఎక్కడున్నాయి అన్నది నక్షా చూసి, తరవాత నడిచి తెలుసుకోండి. రెండు తలుపులున్న చోట ఒకటి మూసుకున్నాకే రెండోది తెరవాలి. బొగ్గు మోసే టబ్బు తగిలి బ్రాటిస్ చిరిగితే అది సామాను నష్టం కాదు, వాయువుకు పెట్టిన కట్ట తెగినట్టు. వెంటనే ఆ విభాగం బాధ్యత చూసే సర్దార్‌కు చెప్పాలి. చిన్న ఫ్యాను పెట్టి గొట్టం ద్వారా గాలి పంపే చోట, ఆ ఫ్యాను ఇన్‌టేక్ వైపు ఉండాలి, అక్కడ ప్రవహించే గాలికంటే తక్కువే తీసుకోవాలి. లేకపోతే ముఖం నుంచి వచ్చిన వాయువునే మళ్లీ ముఖానికి పంపుతూ ఉంటుంది. కంచె వేసి, ప్రవేశం లేదని బోర్డు పెట్టిన గ్యాలరీలోకి మూత్రానికైనా, పనిముట్టు కోసమైనా తల దూర్చకండి.

వాతావరణంతో ఉన్న సంబంధం తిరుపతి వారికి సులువుగా బోధపడుతుంది. బంగాళాఖాతంలో వాయుగుండం పట్టినప్పుడు, 2021 నవంబరులో నగరాన్ని ముంచెత్తిన వాన రోజుల్లాంటప్పుడు, వాతావరణ పీడనం పడిపోతుంది. బయటి పీడనం తగ్గగానే గోఫ్‌లోనూ, మూసేసిన పాత తవ్వకాల్లోనూ ఒత్తిడిగా ఉన్న వాయువు పగుళ్ల గుండా పని ప్రదేశాల్లోకి వెలువడుతుంది. గని పైన బారోమీటరు పెట్టేది ఇందుకే. పీడనం వేగంగా పడుతున్న రోజున గోఫ్ అంచున, మూసిన గోడల దగ్గర మామూలుకంటే ఎక్కువసార్లు కొలవాలి.

కొలిచే విధానం

షిఫ్టు మొదలయ్యే ముందు రెండు గంటల లోపు అర్హత ఉన్న వ్యక్తి పని ప్రదేశాలన్నీ తిరిగి పరీక్షించాలన్నది నియమం. ఆ పరీక్ష చేసినవారి తేదీ, సంతకం చూడకుండా పని మొదలుపెట్టకండి. మీరే గ్యాస్ టెస్టింగ్ సర్టిఫికెట్ తీసుకుని కొలిచే స్థితికి వచ్చినప్పుడు ఈ పద్ధతి పాటించండి.

మీథేన్ కొలిచే మీటరును, అంటే మీథనోమీటరును, పైన, తాజా గాలిలో ఆన్ చేసి సున్నా చూపుతోందా, బ్యాటరీ నిండుగా ఉందా, క్యాలిబ్రేషన్ గడువు దాటలేదా అని చూడాలి. లోపల ఇన్‌టేక్ వైపు నుంచే, వెన్నున తాజా గాలి తగులుతుండగా, ముఖం వైపు నడవాలి. నడుస్తూ చేయి ముందుకు చాచి మీటరు పైకెత్తి ఉంచాలి. ముఖం దగ్గర ఆగి, కప్పుకు జానెడు లోపల మీటరును కదలకుండా పట్టుకుని, అంకె నిలకడ చిక్కే వరకు ఆగాలి. తొందరలో మీటరును ఇలా ఎత్తి అలా దించేవాళ్లు చాలామంది. సెన్సారు స్పందించడానికి కొన్ని సెకన్లు పడుతుంది, ఆ సెకన్లు ఇవ్వకపోతే చూసింది వాయువు అంకె కాదు. కప్పులో గుంటలుంటే పొడుగు గొట్టం తగిలించి వాటిలోపల కొలవాలి. తరవాత మూలలు, గోఫ్ అంచు, యంత్రం వెనక గాలి తిరగని చోట్లు. పక్కనున్నవారు "అన్నా, ఎంతొచ్చింది?" అని అడిగితే "ఏం లేదులే" అనకండి, అంకె పైకి చెప్పి, అక్కడి బోర్డు మీద సమయంతో సహా రాయండి.

ఈ మీటర్లలో ఎక్కువ భాగం సెన్సారు మీద వాయువును కాల్చి, ఆ వేడిని బట్టి శాతం చెబుతాయి. దీని వల్ల వచ్చే చిక్కు తప్పనిసరిగా తెలిసి ఉండాలి. కాల్చడానికి ప్రాణవాయువు కావాలి గనుక వాయువు 5 శాతం దాటి బాగా పెరిగినప్పుడు అంకె పెరగడం మాని తిరిగి దిగిపోవచ్చు. ముందు అంకె రివ్వున పైకి లేచి, ఆ తరవాత కిందికి జారితే వాయువు పోయిందని అనుకోకూడదు. చాలా ఎక్కువగా ఉందని భావించి అక్కడి నుంచి వెనక్కి రావాలి. సిలికాన్ ఉన్న స్ప్రేలు, హైడ్రోజన్ సల్ఫైడ్ తగిలితే సెన్సారు మొద్దుబారుతుంది, ఆ సంగతి తెర మీద కనిపించదు. తెలిసిన గాఢత ఉన్న వాయువుతో మీటరును ఎప్పటికప్పుడు సరిచూడమనేది అందుకే.

సేఫ్టీ ల్యాంపుతో పరీక్షించేటప్పుడు ఒత్తిని తగ్గించి, దీపాన్ని నిటారుగా పట్టుకుని, నెమ్మదిగా కప్పు వైపు ఎత్తాలి. వాయువు ఉంటే చిన్న మంట మీద లేతనీలి టోపీ కనిపిస్తుంది; శాతం పెరిగేకొద్దీ టోపీ పొడుగవుతుంది. మంట ఉన్నట్టుండి సాగితే అదిరిపడి దీపాన్ని కిందికి లాగకూడదు. విసురుకు మంట జల్లెడ దాటే ప్రమాదం ఉంది. వచ్చినంత నెమ్మదిగానే దించాలి. ప్రాణవాయువు సుమారు 16, 17 శాతానికి తగ్గితే దీపం ఆరిపోతుంది. అది కూడా మీటరు చెప్పని ముఖ్యమైన సమాచారమే.

నిప్పును దూరంగా ఉంచడం

గని ద్వారం దగ్గర జేబులు వెతుకుతారు. బీడీ, అగ్గిపెట్టె, లైటరు, సెల్‌ఫోను ఏదీ లోపలికి పోకూడదు. వెతికేవాడు తెలిసినవాడై చూసీచూడనట్టు వదిలినా, మీరే నిలబడి వెతికించుకోండి.

లోపలి విద్యుత్ పరికరాలు ఫ్లేమ్‌ప్రూఫ్ పెట్టెల్లో ఉంటాయి. పెట్టె లోపల వాయువు పేలినా మంట బయటికి రాకుండా, మూత అంచుల సందులో చల్లారేలా వాటిని తయారుచేస్తారు. అందువల్ల ఒక్క బోల్టు లేకపోయినా, అంచున దుమ్ము చేరి సందు పెరిగినా ఆ పెట్టె మామూలు ఇనుప డబ్బాతో సమానం. కరెంటు ఉండగా గనిలో మూత తెరవకూడదు. తెగిన కేబులుకు టేపు చుట్టి నడిపించకూడదు. బొగ్గును పేల్చడానికి అనుమతి పొందిన ప్రత్యేక పేలుడు మందులే వాడాలి. రంధ్రాన్ని మందుతో నింపే ముందు, పేల్చే ముందు షాట్‌ఫైరర్ (మందు పేల్చే బాధ్యత ఉన్న వ్యక్తి) వాయువు పరీక్షించాలి. రంధ్రాన్ని తడిమట్టితో గట్టిగా కూరాలి. కోత యంత్రం పళ్లు ఇసుకరాయికి తగిలితే రవ్వలు వస్తాయి గనుక నీటి జల్లు ఆగితే యంత్రం కూడా ఆగాలి. తుప్పు పట్టిన ఇనుముకు అల్యూమినియం గట్టిగా తగిలినా వాయువును అంటించగల రవ్వ పుడుతుంది.

మీథేన్ పేలుడు చాలాసార్లు ఒక చోట మొదలైనా అక్కడితో ఆగదు. ఆ తాకిడికి నేల మీది బొగ్గు ధూళి లేచి, అదీ అంటుకుని, గ్యాలరీల వెంట గని అంతా వ్యాపిస్తుంది. 1906లో ఫ్రాన్సులోని కూరియేర్‌లో 1,099 మంది చనిపోయింది ఇలా ధూళి అంటుకునే. 1965 మే 28న నేటి జార్ఖండ్‌లోని ధోరీ గని పేలుడులో 268 మంది ప్రాణాలు కోల్పోయారు. మండని రాతిపొడిని గ్యాలరీలంతా చల్లేది దీన్ని అడ్డుకోవడానికే: బొగ్గులో ఆవిరయ్యే పదార్థం 30 శాతం లోపైతే ధూళిలో కనీసం 75 శాతం, దాటితే 85 శాతం మండనిది ఉండాలి. నల్లగా కనిపించే గోడ, నేల రాతిపొడి చల్లలేదని మీకు చెబుతున్నట్టే.

అంకె హద్దు దాటితే

1.25 కనిపించగానే కరెంటు ఆపించాలి, అందరూ ఇన్‌టేక్ వైపు వెనక్కి రావాలి, దారికి కంచె కట్టి మనిషిని నిలపాలి, పై అధికారికి చెప్పాలి. "ఈ ఒక్క టబ్బు నింపి పోదాం" అనే మాటకు తావివ్వకండి. పని ఆపమని చెప్పడానికి జంకే కొత్తవారు ఒకటి తెలుసుకోవాలి: ప్రమాదం చూసి వెనక్కి రావడం, పైవారికి చెప్పడం నియమం మీకు అప్పగించిన బాధ్యత, ఎవరి అనుమతీ అడిగి చేసేది కాదు.

ఫ్యాను ఆగిపోయినప్పుడూ ఇదే పద్ధతి. ఆగిన ఫ్యానును తిరిగి వేసేటప్పుడే ఎక్కువ జాగ్రత్త కావాలి. ఆగినంత సేపూ గ్యాలరీలో చేరిన వాయువును ఒక్కసారిగా గాలితో తోస్తే, అది పేలే గాఢతలోనే రిటర్న్ వెంట యంత్రాల మీదుగా సాగిపోతుంది. కాబట్టి ఆ రిటర్న్‌లో మనుషులు, కరెంటు లేకుండా చూసి, గాలిని కొద్దికొద్దిగా వదులుతూ, బయటికి వచ్చే గాలిని కొలుస్తూ పోవాలి. ఇది అనుభవం ఉన్న అధికారి సమక్షంలో జరగవలసిన పని.

పేలుడు లేదా పొగ సంగతి తెలిస్తే మొదటి కదలిక సెల్ఫ్ రెస్క్యూయర్ వైపు, అంటే విషవాయువు నుంచి ఊపిరిని కాపాడే, నోట పెట్టుకునే పరికరం వైపు. పేలుడు తరవాత ఎక్కువమందిని చంపేది మంట కాదు, కార్బన్ మోనాక్సైడ్; దానికీ వాసన లేదు. పనిలో అనుమతించే హద్దు పది లక్షల భాగాల్లో 50 మాత్రమే. రెస్క్యూయర్ నడుముకే ఉండాలి, దూరంగా గోడకు తగిలించి పని చేయకూడదు. వడపోత రకం కార్బన్ మోనాక్సైడ్‌ను మార్చేస్తుంది గాని, ప్రాణవాయువును ఇవ్వదు. స్వయంగా ప్రాణవాయువును తయారుచేసే రకం దానికంటే మేలు. రెండింటిలోనూ పీల్చే గాలి వేడెక్కుతుంది. నోరు మండినట్టున్నా తీయకండి. వేడి అంటే పరికరం పనిచేస్తోందని అర్థం. మాట్లాడటానికి కూడా నోటి నుంచి తీయకూడదు, సైగలతో సరిపెట్టుకోవాలి. పరుగెత్తితే గాలి త్వరగా అయిపోతుంది, అందుచేత గట్టిగా నడవాలి. కళ్లకు గంతలు కట్టుకుని ఆ పెట్టె తెరిచి నోట పెట్టుకోవడం శిక్షణలో పదేపదే అడిగి మరీ సాధన చేయండి, ఎందుకంటే నిజంగా అవసరమైన వేళ వెలుతురు ఉండకపోవచ్చు.

లోపల చిక్కుకున్న మిత్రుడి కోసం వెనక్కి వెళ్లాలనిపించడం సహజం. వెళ్లకండి. 2010 నవంబరు 19న న్యూజిలాండ్‌లోని పైక్ రివర్ గని పేలి 29 మంది లోపల ఉండిపోగా, అయిదు రోజులకు అక్కడే మళ్లీ పేలుడు జరిగింది. లోపలికి వెళ్లవలసింది శిక్షణ పొందిన రెస్క్యూ బృందమే, అదీ గాలి నమూనాలు చూశాకే.

బయటికి రాగానే నేరుగా ల్యాంప్ గదికి వెళ్లి మీ క్యాప్ ల్యాంపు, టోకెన్ అప్పగించి, పేరు నమోదు చేయించుకోండి. ఎవరికీ చెప్పకుండా ఇంటికి వెళ్లిపోతే, మీరింకా లోపలే ఉన్నారనుకుని రెస్క్యూ బృందం మీ కోసం వెతుకుతూ ఆ గ్యాలరీల్లోకి దిగుతుంది.